ఉప్పు లేని విస్తరి

మద్రాసు,
12 నవంబరు 1952.

ఉదయగిరిలో అత్తకు రత్నం నమస్కారాలు.

చిన్నప్పటి నుంచి ఒక ప్రశ్న నాతోనే తిరుగుతోంది అత్తా. పెద్దల అమావాస్య నాడు మనింట్లో విస్తళ్ళన్నిటికీ ఒకటే వంట వడ్డించి, చివరి విస్తరిలో మాత్రం ఉప్పు వేయకుండా కాల్చిన సజ్జరొట్టె, ఉప్పు లేని పప్పులపొడి ఎందుకు పెడతారు? అది మా ముత్తవ్వ మాలకొండమ్మ విస్తరి అని తెలుసు. ఒకసారి నాయనను అడిగితే, "సముద్రంలో పోయిన మనిషికి మళ్ళీ ఉప్పేందే? తాగినంత తాగింది గదా" అన్నాడు. పరికిణీ కట్టుకునే పిల్లకు ఆ జవాబు చాలింది. నలభై దాటి, కాలేజీలో చరిత్ర చెప్పుకొని బతుకుతున్నదానికి చాలడం లేదు.

ఇప్పుడెందుకు గుర్తొచ్చింది అంటావు. పోయిన శతాబ్దంలో మన జిల్లాలో పేరుపడ్డ ఆడవాళ్ళ మీద ఇక్కడొక సంఘం వాళ్ళు పుస్తకం వేస్తున్నారు. సత్రం కట్టించినావిడ ఉంది, ఆడపిల్లలకు బడి పెట్టినావిడ ఉంది. మన 'ఓడ పేరంటాలి' సంగతి నన్ను రాయమన్నారు. నేను రాయగలిగింది ఇంతే: డెబ్బై అయిదేళ్ళ కిందటి ధాత కరువులో మాలకొండమ్మ పసివాడైన కొడుకును, అంటే మా తాత రామనారాయణను, అత్తమామల దగ్గర వదిలి భర్తతో బర్మాలోని రంగం పోయే ఓడ ఎక్కింది. తుఫానులో ఓడ పగిలింది. భర్త నీళ్ళలో పడితే తనూ వెనకే దూకింది. బతికి వచ్చిన ఊరివాడొకడు ఆ మాట చెబితే, మనవాళ్ళు కొండ కింద రాయి నిలబెట్టి గుడి కట్టారు. కొత్త పెళ్ళికూతుళ్ళు అక్కడ బొట్టు పెట్టించుకోనిదే కాపురానికి పోరు. ఇన్నేళ్ళుగా ఆ బొట్టు పెడుతున్న చెయ్యి నీది.

రాసి చూసుకుంటే అందులో దూకడం ఒక్కటే ఉంది, మనిషి లేదు. ఎలా మాట్లాడేది? ఏం తినేది? దేనికి నవ్వేది? మీ నాయన నీకేమైనా చెప్పాడా?

ఇక్కడ వాన విడవడం లేదు. నువ్వు పంపిన ఉదయగిరి కొయ్య గరిటె హాస్టలు వంటామె అడిగి తీసుకుపోయింది, ఇంకా ఇవ్వలేదు.

నీ మేనకోడలు,
సుబ్బరత్నమ్మ.

*

ఉదయగిరి,
3 డిసెంబరు 1952.

చిరంజీవి సుబ్బరత్నమ్మకు మేనత్త వెంకమ్మ ఆశీర్వదించి వ్రాయించునది. ఇచ్చట మేమందరము క్షేమము.

పై ముక్క ఈ జాబు రాసే పంతులు పెంచలనరసయ్య సొంతం. 'అందరము' అనేదానికి ఈడ నేనూ ఒక బర్రె తప్ప ఎవరుండారు?

నీ జాబు పంతులు రెండుమాట్లు చదివి వినిపించినాడు. మీ నాయన చెప్పిందే జవాబు. ఉప్పునీళ్ళలో పోయిన ఆమెకు ఉప్పు పెట్టం. పెద్దోళ్ళు పెట్టిన ఆచారం. దూకింది, పేరంటాలయింది, అంతవరకు రాయి. ఏం తినేది, దేనికి నవ్వేది అని దేవతల్ని అడుగుతారా? చిన్నప్పుడూ నువ్వింతే. బియ్యం చెరగమని చాట ఇస్తే, ఎట్ట అల్లినారో చూస్తానని ఊడబీకి పెట్టినావు.

పోయిన శుక్రవారం గుళ్ళో ఇసకేస్తే రాలనంత జనం. వరికుంటపాడు నుంచి ఒక పెళ్ళికూతురు బండి కట్టుకొని వచ్చింది. ఆ సందట్లో ఆత్మకూరు పక్క చెరువుపల్లె నుంచి పోలేరమ్మంట, ఒక ముసలిది, వాకిట్లో నిలబడి "వెంకమ్మమ్మా, వెంకమ్మమ్మా" అని ఒకటే కేకలు. వాళ్ళ చెరువు కట్ట ఎత్తు చేస్తారంట. ఎండలకు చెరువు ఎండినాక మట్టికోసరం వాళ్ళ మిట్ట తవ్వుతారంట. "మీరొచ్చి ఒక్క మాట చెప్తే ఆగుతాది" అంటాది. ఎవరి మిట్టో నాకేం తెలుసు, నువ్వెవరో నాకు తెలీదు, పొమ్మన్నాను. పోతా పోతా గుడి పక్క చూసి నవ్వింది. మతి లేనిదేమో.

గరిటెలు ఇంకో రెండు పంపిస్తా ఉండాను. ఈసారి పెట్టెలో పెట్టి తాళం వేసుకో.

వెంకమ్మకు సంతకము వచ్చును గనుక వేలిముద్ర అవసరము లేదు.

*

మద్రాసు,
8 జనవరి 1953.

అత్తకు నమస్కారాలు.

గరిటెలు అందాయి. తాళం కూడా వేశాను.

సెలవుల్లో కృష్ణపట్నం వైపు పోయి వచ్చాను. ఓడలు మునిగిన సంగతులు తరతరాలుగా చెప్పుకునే వాళ్ళు సముద్రం పక్కనే ఉంటారు కదా అని. శీనమ్మ అనే ఆమె ఎండుచేపలు తిరగేస్తుంటే పక్కన కూర్చొని మన విస్తరి సంగతి చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "సముద్రంలో పోయినోళ్ళకు ఉప్పు మానేదేందమ్మా? నా మొగుడూ, నా మరిదీ అందులోనే పోయినారు. ఉప్పుచేప లేకపోతే మా మరిది కాకి రూపంలో కూడా రాడు" అంది. పక్కవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ బస్సులో ఆ మాటే గుచ్చుకుంటూ వచ్చింది.

తప్పయితే తిట్టు అత్తా. చనిపోయినవాళ్ళు మాకిది వద్దు అని చెప్పరు. ఉప్పు వద్దన్నది ఎవరో బతికున్న మనిషి. ఆ మనిషికి మనింట్లో ఎవరో రొట్టె కాల్చి పెట్టి ఉండాలి. ఆమె ఆ రోజు పోలేదేమో? తిరిగి వచ్చిందేమో? ఆ పోలేరమ్మ ఇంత దూరం నడిచి నీ దగ్గరికే ఎందుకొచ్చింది?

ఊరికే అడుగుతున్నాను. నా ఊహల మీద నాకే అంత నమ్మకం లేదు.

రత్నం.

*

ఉదయగిరి,
2 ఫిబ్రవరి 1953.

సుబ్బరత్నమ్మకు వెంకమ్మ వ్రాయించునది.

ఇట్టాంటి జాబులు ఇంక రాయబాకు. గుడి చుట్టూ ఉండే జాగా మీద నీకు కన్నుంటే నేరుగా అడుగు, రాసిస్తాను. దానికోసరం పేరంటాల్ని బతికించే పని లేదు. నా తర్వాత ఎట్టా నీదేగదా, తొందరెందుకు? చదువు నీది. గుడి నాది. నా జోలికి రాబాకు.

వెంకమ్మ.

అమ్మా, ఈ దిగువ ముక్క ఆమె చెప్పినది కాదు, నేను వ్రాయుచున్నాను. తమ జాబు చదివి వినిపించుచుండగా ఆమె నడిమిలో లేచి పెరటిలోకి పోయి, బర్రె పక్కన చాలాసేపు కూర్చున్నది. తమకు తెలియుట మంచిదని. — పెంచలనరసయ్య.

*

మద్రాసు,
20 ఫిబ్రవరి 1953.

అత్తా,

జాగానా! నీ నోట ఆ మాట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. నాయన చనిపోయిన ఏడు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకొని తల నిమిరిన మనిషివి. నువ్వు నమ్మే దేవతను నేను మామూలు మనిషిని చేసి మాట్లాడినందుకు నొచ్చుకున్నావని అర్థమయింది. భక్తి నాకు అబ్బలేదు. అది నీ తప్పు కాదు. వ్యాసం రాయనని వాళ్ళకు చెప్పేస్తాను. కోపం పోయిందని ఒక్క ముక్క రాయించు, చాలు.

రత్నం.

*

ఉదయగిరి.
ఉగాది ముందర శుక్రవారం.

రత్నా,

ఇది నా చేతి రాత. ఒత్తులు తప్పుతాయి, సర్దుకొని చదువుకో. పంతులు లేడు. తలుపు గడేసినాను.

ఏమే, ఇంకొకరు చదివి వినిపించే జాబులో అట్టాంటిది రాస్తారా? 'తిరిగి వచ్చిందేమో' అని చదివి, పంతులు కళ్ళద్దాల మీద నుంచి నా మొకం చూసినాడు. నేనేం చెయ్యాల? జాగా కోసరం రాసిందని తిట్టినాను. జాగా అంటే ఎవరైనా నమ్ముతారు. నువ్వు గూడా నమ్మితివే! భక్తంట భక్తి. నాకు భయం తల్లీ, భక్తి కాదు.

వచ్చింది. మా అవ్వ తిరిగి వచ్చింది.

ఆమె మొగుడు తుఫానుకు ముందే ఓడలో వాంతులతో పోయినాడు. గోతంలో చుట్టి నీళ్ళలో వేసినారంట. ఓడ పగిలే పొద్దుకు ఆమె పక్కన ఉండింది వెంగమ్మ, చెరువుపల్లె మనిషి. చెరువులో చేపలు పట్టుకొని, కూలికి పోయి బతికే వాళ్ళు. మనోళ్ళు వాళ్ళ చేతి నీళ్ళు ముట్టరు. ఆ వెంగమ్మ, "దూకు అక్కా, నా కొంగు పట్టుకో, ఇది మా చెరువే అనుకో" అనిందంట. దూకిన మాట నిజమే. మొగుడి వెనక కాదు, వెంగమ్మ వెనక. ఊరివాడు చూసింది దూకడం. చెప్పింది తనకు తెలిసిన కత.

ఇద్దరూ ఒక తలుపుచెక్క పట్టుకొని ఒడ్డున పడినారు. కరువు తీరిందాకా ఉప్పు కొఠార్లలో కూలి చేసినారు. తర్వాత నడిచి ఊరికొచ్చింది. కొండ కింద కొత్త గుడి కనపడితే ఎవరో మహాతల్లి అని మొక్కి, ఆడుండే ఆమెను "ఏ పేరంటాలమ్మా?" అని అడిగిందంట. "ఓడలో మొగుడితో దూకిన మాలకొండమ్మ" అనిందంట ఆమె. ఈ ముక్క చెప్పి అవ్వ నవ్వతా ఉండేది, కళ్ళలో నీళ్ళు కారేదాకా. దేనికి నవ్వేది అని అడిగితివే. దీనికి.

మామ ఆమెను వాకిట్లోనే నిలబెట్టినాడు. "రాయి నిలబెట్టినాక మనిషి రాకూడదు" అన్నాడు. పేరంటాలి కొడుకని పిలగాడికి ఊళ్ళో మర్యాద వచ్చింది, అది పోతాదని ఒకటి. చెరువోళ్ళ కూడు తిన్నదని ఒకటి. ఆమె గలాటా చెయ్యలా. కొడుకు బయటికి వచ్చి, ఎవరో కూలామె అనుకొని లోపలికి పోయినాడంట. వెంగమ్మతో చెరువుపల్లెకు పోయి ఆడనే బతికింది.

ఆ కొడుకే మా నాయన, ఆయనకు పెద్దయినాక తెలిసింది. ఇంటికి తెచ్చే ధైర్యం లేకపాయె. ఆత్మకూరు సంతకు బండి కట్టినప్పుడల్లా నన్ను ఎక్కించుకొని, సజ్జరొట్టెలూ పప్పులపొడీ మూటగట్టి పంపించేవాడు. తాను చింతచెట్టు కాడ బండి దగ్గరే నిలబడేవాడు. మొదటిసారి ఆమె రొట్టె తుంచి నోట్లో పెట్టుకొని ఉమ్మేసింది. "మీ ఇంటి కూడు తింటా పాపా, అది నా కొడుకు చెమట. ఉప్పు తినను. ఉప్పు తింటే ఆ ఇంటికి విశ్వాసంగా ఉండాల" అనింది. అప్పటినుంచి ఉప్పు లేకుండా కాల్చి పంపించినాం. ఆమె పోయినాక అదే విస్తట్లోకి వచ్చింది.

నా సంగతి నీకు తెలుసు. కాపురానికి పోకముందే మొగుడు జొరంతో పోయినాడు. గాజులు పగలగొట్టి మూలగదిలో వేసినారు. ఆ మాటు సంతకు పోయినప్పుడు అవ్వ నా ఉత్త నొసలు చూసి, వేలితో తడిమింది. తర్వాత, "పోయి మీ నాయనతో చెప్పు. పేరంటాలు కలలోకి వచ్చి, మొగుడు లేని పిల్లే నాకు కుంకుమ పెట్టాల, నా పెళ్ళికూతుళ్ళకు బొట్టు పెట్టాల అని అడిగిందని చెప్పు. అబద్ధమేం కాదులే. అడిగేది నేనే గదా!" అనింది.

ఆ మాట మీద నేను మూలగది నుంచి బయటికి వచ్చినాను రత్నా. ఇంకా ఆ మాట మీదనే నిలబడి ఉండాను.

పోలేరమ్మ వెంగమ్మ మనమరాలు. ఆ మిట్టలో పూడ్చింది మా అవ్వను. నేను పోయి 'ఈడుండేది మా అవ్వ' అంటే, కొండ కింద ఉండేది ఎవరు? ఎవరి మాట మీద ఈ చెయ్యి బొట్టు పెడతా ఉండాది? పోకపోతే ఆమె ఎముకలు గంపలకెత్తి కట్ట మీద పోస్తారు. చెప్పు, ఏం చెయ్యాల?

చదివి కాల్చెయ్.

అత్త.

*

మద్రాసు,
30 మార్చి 1953.

అత్తా,

ఇంకా కాల్చలేదు. కాలుస్తాను. నీ చేత్తో రాసిన జాబు నేను చూడడం ఇదే మొదటిసారి.

జాగా మాట నమ్మినందుకు సిగ్గుగా ఉంది. నీకు భక్తి అనుకున్నది భయం, కోపం అనుకున్నది ఆ గుట్టును కాపాడడం. ఇంత చదివి నేను నేర్చింది ఉత్తరం పైనున్న ముక్క చదవడమే.

ఏం చెయ్యాలో చెప్పే అర్హత నాకు లేదు. నువ్వు పోగొట్టుకునేది నీ బతుకంతా. పోకపోతే ఆమె రెండోసారి మునిగిపోతుంది, ఈసారి మట్టిలో. ఎటు చూసినా ఒకరిని తోసెయ్యాలి. నేను వచ్చి నా పేరు మీద చెబితే? 'ఇది మా ముత్తవ్వ, మా అత్తకు ఏమీ తెలియదు' అని నేనే అంటే? వచ్చే నెలాఖరుకు పరీక్షలు అయిపోతాయి. ఒక్క ముక్క రాయి, బయలుదేరుతాను.

రత్నం.

*

ఉదయగిరి,
5 జూలై 1953.

రత్నా,

నువ్వు రాయమన్న ముక్క రాయలా. నువ్వొచ్చి చెప్తే నీకు పోయేదేముండాది? పోయేది లేనోళ్ళ మాటకు బరువుండదు. అందుకని నేనే పోయినాను.

ఆత్మకూరు బస్సెక్కినాను. కండక్టరు నన్ను ఎరుగును. "పేరంటాల గుడి అమ్మా, యాడికి ఎండన పడి?" అన్నాడు. "మా అవ్వ దగ్గిరికి" అన్నాను. నా తెల్లజుట్టు చూసి, "మీ అవ్వ ఇంకా ఉండాదా!" అని టిక్కెట్టు కొట్టేది మరిచిపోయినాడు.

చెరువంతా నెర్రెలిచ్చింది. మిట్టకు ఒక పక్క అప్పటికే తెగ్గొట్టినారు. పోలేరమ్మ చెట్టు కింద కూర్చోనుండాది. లెయ్యలా.

"నేను నీకు తెలీదంటివే?" అనింది.

"ఇప్పుడు తెలిసింది" అన్నాను.

"ఎండ తగిలితేగానీ తెలవదేమో పెద్దింటోళ్ళకు" అని, కొంగుతో పక్కన మన్ను దులిపి చోటు చూపించింది. నేను ఆడ కూర్చోలా. నేరుగా పోయి మిట్ట మీద కూర్చున్నాను.

మేస్త్రీ కామయ్య పరిగెత్తుకొని వచ్చినాడు. "అమ్మా, లెయ్. పని ఆగిపోతా ఉండాది."

"ఈడ మా అవ్వ ఉండాది. తవ్వబాక."

"ఈ పల్లోళ్ళ మిట్టలో మీ అవ్వేందమ్మా?"

ఏ అవ్వ అని అడగతాడేమో, అమ్మ తరపు అవ్వ అని చెప్పి తప్పించుకుందాం అని బస్సులోనే అనుకొని పోయినాను, నీకెందుకు దాచాల. ఇంతలో మట్టి మోసే ఆడోళ్ళలో ఒకామె గంప దించి, "ఆమె ఓడ పేరంటాలి గుడి వెంకమ్మ గారు గదా! నా బిడ్డకు బొట్టు పెట్టింది ఆమేగదా!" అనేసింది. అందరూ గునపాలు ఆపి చూస్తా ఉండారు.

కామయ్య, "ఓడలో పోయిందంటిరే ఆమె?" అన్నాడు.

ఇంక నా నోరు నా మాట వినలా. "ఓడ పోయింది. ఆమె పోలా" అన్నాను.

కామయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. కొంచేపటికి కూలోళ్ళతో, "అవతల పక్క తవ్వండిరా, ఈడ పెద్దామె ఉండాది" అన్నాడు. ఏ పెద్దామెను అన్నాడో, నన్నో, కింద ఉండే ఆమెనో.

నేను ఇల్లు చేరకముందే మాట ఊరు చేరింది. ఆ శుక్రవారం ఒక్క పెళ్ళికూతురూ రాలా. మళ్ళా శుక్రవారమూ రాలా. పంతులు మాత్రం వచ్చి అరుగు మీద కూర్చొని, ఏమీ అడక్కుండా మంచినీళ్ళు తాగి పోయినాడు. కుంకుమ భరిణి మూత పెట్టి, ఇంక మళ్ళా మూలగదే అనుకున్నాను.

నిన్న పోలేరమ్మ వచ్చింది, మనమరాలు చెంచులక్ష్మిని ఎంటబెట్టుకొని. ఆ పిల్లకు పెళ్ళయి నెల గాలా. ఆ పల్లోళ్ళు మన గుడి గడప ఎప్పుడూ తొక్కలా. బయట నిలబడే మొక్కతారు. పిల్ల గడప కాడ ఆగిపోయి, "బొట్టు పెడతావా అవ్వా?" అనింది. చెయ్యి పట్టి లోపలికి లాగినాను. బొట్టు పెడితే వంకరపోయింది. "పరవాలేదులే, మా పిల్ల మొకమూ వంకరే" అనింది పోలేరమ్మ. ముగ్గురం నవ్వినాం.

మిగతావాళ్ళు వస్తారో రారో నాకు తెలీదు. నేను అడగదలుచుకుంది అది కాదు. ఈ యేడు పెద్దల అమావాస్యకు ఆమె విస్తరి మిట్ట మీదనే పెడదాం అనుకున్నాం. ఉప్పు వెయ్యాల్నా, వద్దా? పోలేరమ్మ, "వెయ్యి. నలుగురిలో అవ్వా అన్నావు గదా, కోపం పోయుంటాది" అంటాది. నేనంటాను, కోపం ఆమెది, పోయిందని చెప్పేదానికి మనమెవరం? నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

అత్త.

*

మద్రాసు,
26 సెప్టెంబరు 1953.

అత్తా,

జవాబు ఆలస్యం చేసింది తీరిక లేక కాదు. రాయడం తెలియక.

మధ్యలో పంతులుగారి కార్డు వచ్చింది: 'వెంకమ్మగారు ఆరోగ్యముగా ఉన్నారు. శుక్రవారము ఇద్దరు పెళ్ళికూతుండ్రు వచ్చిరి. ఒకరు బొట్టు పెట్టించుకొనిరి. ఒకరు చూచి పోయిరి.' ఆ కార్డు అద్దం దగ్గర పెట్టుకున్నాను. చూసి పోయిన ఆ పిల్ల మళ్ళీ వస్తుందా అని రోజూ ఒకసారి అనుకుంటాను.

ఇక్కడ అందరి నోటా కొత్త రాష్ట్రం మాటే. ఒకటో తేదీ నుంచి నువ్వొక రాష్ట్రం, నేనొక రాష్ట్రం. ఆ రోజు దాటాక బయలుదేరి అమావాస్యకు ముందే వస్తాను.

రాయనన్న వ్యాసం వదల్లేక, పుస్తకం వాళ్ళకు రెండు విధాలుగా రాశాను. ఒకదాంట్లో ఆమె భర్త వెనక దూకి పోయింది. రెండోదాంట్లో వెంగమ్మ వెనక దూకి బతికింది. రెండోది నిజం. అది అచ్చయితే భరిణి మూత మళ్ళీ పడుతుందేమోనని భయం. మొదటిది అచ్చయితే ఆమెను వాకిట్లో నిలబెట్టిన మామకూ నాకూ తేడా లేదు. రెండూ బల్ల మీదే ఉన్నాయి. గడువు దాటిపోయింది. నేను తేల్చలేదు, గడువే దాటిపోయింది. నీ దగ్గర ఆ తేడా దాచను.

ఉప్పు సంగతి. పిండిలో ఉప్పు వేస్తే ఆమె మనల్ని క్షమించిందని మనకు మనమే చెప్పుకున్నట్టు. వేయకపోతే ఆమె ఎప్పటికీ క్షమించదని మనమే తీర్పు రాసినట్టు. విస్తరి అంచున విడిగా నాలుగు ఉప్పురాళ్ళు పెట్టి, ఆమె ఇష్టానికే వదిలేద్దామా అని కూడా ఆలోచించాను. అది పరీక్షలో తెలియని ప్రశ్నకు మా పిల్లలు రాసే జవాబులా ఉంది. ఆమె నోరు తెరిచి వద్దన్నది ఒక్క ఉప్పే. ఆ ఒక్క మాటనైనా మన ఇల్లు ఇన్నేళ్ళు నిలబెట్టుకుంది. దాన్ని ఇప్పుడు తియ్యడం మర్యాదా, ఉంచడం మర్యాదా?

రొట్టెలు నేను కాలుస్తాను. పోలేరమ్మను పొయ్యి దగ్గరే కూర్చోమను. పిండి జల్లించి, ఉప్పుజాడీ నా చేతికి అందేటట్టు పెట్టు. నువ్వడిగినందుకు సూటిగా చెబుతున్నాను అత్తా: వేస్తానో, వెయ్యనో నాకు తెలియదు. ఈ ఉత్తరం మడిచేటప్పటికైనా తెలుస్తుందనుకున్నాను. తెలియలేదు.

రత్నం.